తలుపు మీద ఐదు మీటలు

అమెరికాలో కొత్తగా కాపురం పెట్టి, సెకండ్‌హ్యాండ్ ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కొన్న ఒక తెలుగు ఇంటిని ఊహించుకుందాం. బేరం కుదిరింది. టైర్లు బాగున్నాయి, ఏసీ చల్లగా వస్తోంది. అమ్మినాయన తాళాలు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. వారం తిరిగాక డ్రైవర్ తలుపు మీదున్న చిన్న మీటల వరస పిల్లవాడి కంట పడింది. 1-2, 3-4, 5-6, 7-8, 9-0. వాడు ఇష్టమొచ్చినట్టు నొక్కాడు. మీటల వెనక దీపం వెలిగింది గానీ తలుపు కదల్లేదు. "ఇది పాడైపోయింది నాన్నా" అన్నాడు. తండ్రి కూడా అంతే అనుకుని ఊరుకున్నాడు. ఆర్నెల్ల తరవాత ఒక మిట్టమధ్యాహ్నం, కిరాణా షాపు ముందు, తాళం లోపల సీటు మీద కనిపిస్తోంది, తలుపులు మాత్రం మూసుకుని ఉన్నాయి. మీటలు అప్పుడు గుర్తొచ్చాయి.

ఆ కీప్యాడ్ పాడవలేదు. దీపం వెలిగిందంటే దానికి కరెంటు అందుతోంది. దానికి చెప్పాల్సిన ఐదంకెలు ఇంట్లో ఎవరికీ తెలియవు, అంతే. "కీప్యాడ్ పనిచేయడం లేదు" అన్న మాట కింద దాగి ఉండే సంగతులు చాలానే ఉన్నాయి. చాలాసార్లు లోపం కీప్యాడ్‌లోనే ఉండదు. డబ్బు పెట్టి కొత్తది బిగించుకున్నాక అసలు గొడవ వేరే చోట ఉందని తెలిస్తే కలిగే బాధ ఇంతా అంతా కాదు. అందుకే ఈ అధ్యాయమంతా ఒక్క పట్టుదల మీద నడుస్తుంది. చెడిందేదో వెతకబోయే ముందు, ఇంకా పనిచేస్తున్నవి ఏవో వరసగా చూసుకోవాలి.

ఈ మీటల కథ 1980 మోడల్ కార్లతో మొదలైంది. ఫోర్డ్ కంపెనీ ఆ ఏడాది థండర్‌బర్డ్, మెర్క్యురీ కూగర్, లింకన్ కార్లలో వీటిని పెట్టింది. తరవాత ఈ ఏర్పాటుకు సెక్యూరికోడ్ అనే పేరు స్థిరపడింది. రిమోట్‌లు వచ్చాయి, జేబులో తాళం ఉంటే చాలు తలుపు తీసుకునే కార్లు వచ్చాయి, ఫోన్‌తో తెరుచుకునేవీ వచ్చాయి. అయినా నలభై ఏళ్లు దాటాక కూడా అమెరికాలో ఫోర్డ్, లింకన్ బళ్ల మీద ఈ ఐదు మీటలు కనిపిస్తూనే ఉన్నాయి. చెరువులో ఈతకు దిగేవాళ్లు, పొద్దున్నే పరుగుకు వెళ్లేవాళ్లు తాళం వెంట మోయకుండా కారులోనే వదిలేసి పోవచ్చు. ఆ సుఖానికి అలవాటుపడినవాళ్లు వీటిని వదులుకోరు. భారతదేశంలో తిరిగిన ఫిగో, ఎకోస్పోర్ట్ తలుపుల మీద ఇవి ఉండవు కాబట్టి, ఇక్కణ్నుంచి వెళ్లినవాళ్లకు వాటి వాడుక తెలియకపోవడంలో వింతేమీ లేదు.

ముందు ఒక సంగతి మనసులో నాటుకోవాలి. కోడ్ కీప్యాడ్‌లో ఉండదు. కీప్యాడ్ వట్టి కబురు మోసే మనిషి. ఏ మీట నొక్కారో అది తీగ ద్వారా లోపలున్న కంప్యూటర్ పెట్టెకు, అంటే మెకానిక్‌లు మాడ్యూల్ అనే దానికి చేరవేస్తుంది. ఐదంకెలు సరిపోయాయా లేదా అని తేల్చేది మాడ్యూలే. సరిపోతే తలుపు లోపలున్న చిన్న మోటారుకు హుకుం వెళుతుంది, మోటారు తాళాన్ని లాగుతుంది. మీట, తీగ, మాడ్యూల్, మోటారు. ఈ నాలుగింట్లో ఎక్కడ తెగినా బయట నిలబడ్డ మనిషికి కనిపించేది ఒకటే: తలుపు తెరుచుకోలేదు. కీప్యాడ్ మార్చినా పాత కోడే పనిచేయడానికి కారణం కూడా ఇదే.

ఇక పరీక్షలు. పనిముట్లేమీ అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు.

మొదట ఏదో ఒక మీట నొక్కి దీపం చూడాలి. పగటి ఎండలో ఆ వెలుగు కనిపించదు. అరచెయ్యి అడ్డుపెట్టి చూడాలి, లేదా చీకటి పడ్డాక చూడాలి. దీపం వెలిగితే కీప్యాడ్‌కు ప్రాణం ఉన్నట్టే.

రెండోది ఈ మొత్తంలో చాలామందికి తెలియని, అన్నిటికన్నా విలువైన పరీక్ష. డ్రైవర్ తలుపు మూసి, 7-8, 9-0 మీటలు రెండూ ఒకేసారి నొక్కాలి. కారు తాళం పడాలి. దీనికి కోడ్ అక్కర్లేదు, ఎవరు నొక్కినా పడుతుంది. ఇలా నొక్కగానే నాలుగు తలుపులూ టక్కుమని మూసుకుంటే, మీట నుంచి తీగ, తీగ నుంచి మాడ్యూల్, మాడ్యూల్ నుంచి మోటారు దాకా దారి మొత్తం బాగానే ఉందని ఒక్క దెబ్బతో తేలిపోతుంది. మిగిలిన అనుమానం కోడ్ మీదే, మహా అయితే మిగతా మూడు మీటల్లో ఏదో ఒకదాని మీద. పైన చెప్పిన తండ్రి ఆ రోజే ఈ రెండు మీటలు నొక్కి ఉంటే, "పాడైపోయింది" అనే మాట ఆ ఇంట్లో పుట్టేది కాదు. ఒక్క జాగ్రత్త: ఈ పరీక్ష చేసేటప్పుడు తాళం జేబులో ఉండాలి.

మూడోది, లోపల కూర్చుని తలుపు మీదుండే లాక్ బటన్ నొక్కడం, తరవాత రిమోట్‌తో నొక్కడం. ఈ రెండింటికీ తాళాలు కదలకపోతే కీప్యాడ్‌ను అనుమానించి లాభం లేదు, ఫ్యూజో మోటారో మాడ్యూలో చూడాలి. రెండూ పనిచేసి కీప్యాడ్ ఒక్కటే మొండికేస్తే దోషం మీటల దగ్గరో, వాటి తీగ దగ్గరో ఉంది. డ్రైవర్ తలుపు తప్ప మిగతావన్నీ కదులుతుంటే ఆ ఒక్క తలుపు మోటారు అరిగింది. నాలుగు మాటల్లో తేలే ఈ తేడాను తేల్చుకోకుండా వర్క్‌షాపుకు వెళితే, తేల్చినందుకు కూలీ వేరే కట్టాల్సి వస్తుంది.

కోడ్ తెలియకపోవడమే సమస్య అని తేలిందనుకుందాం. ప్రతి కారుకూ ఫ్యాక్టరీలోనే ఒక ఐదంకెల కోడ్ పుడుతుంది. దాన్ని యజమాని మార్చలేడు, చెరపలేడు. కారు కొత్తగా కొన్నప్పుడు ఆ అంకెలున్న చిన్న కార్డు గ్లవ్ బాక్స్‌లో, మాన్యువల్‌తో పాటు ఇస్తారు. చేతులు మారిన కార్లలో ముందు పోయేది ఆ కార్డే. అయినా మాన్యువల్ పేజీల మధ్య ఒకసారి వెతకడంలో తప్పులేదు. పాత కార్లలో తాళాలను నడిపే మాడ్యూల్ పైనే స్టిక్కర్ మీద ఐదంకెలు అచ్చువేసి ఉంటాయి. డాష్‌బోర్డ్ కిందో, డ్రైవర్ కాళ్ల దగ్గరో, వెనకవైపు లోపలి ప్యానెల్ చాటునో, మోడల్‌ను బట్టి చోటు మారుతుంది. కొన్ని కొత్త మోడళ్లలో, ప్రోగ్రామ్ చేసిన తాళాలు రెండూ దగ్గర ఉంటే ఆ కోడ్‌ను కారు స్క్రీనే చూపిస్తుంది. రెండు తాళాలు ఎందుకంటే, పార్కింగ్ కుర్రాడి చేతిలో ఒక తాళం పడినంత మాత్రాన కోడ్ బయటపడకూడదని. సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు రెండో తాళం కోసం గట్టిగా పట్టుబట్టమని చెప్పడానికి ఇదొక్క కారణమూ చాలు.

ఇవేవీ కుదరకపోతే డీలర్ ఉన్నాడు. కారు రిజిస్ట్రేషన్, ఫొటో గుర్తింపు చూపిస్తే స్కానర్ పెట్టి కోడ్ తీసి ఇస్తారు. ఎంత తీసుకుంటారో ముందే ఫోన్ చేసి అడగడం మేలు, ఒక్కో చోట ఒక్కో రేటు ఉంటుంది. ఆ అంకెలు చేతికొచ్చాక వాటిని కారులో కాకుండా ఇంట్లో రాసి పెట్టుకోవాలి. కార్డును గ్లవ్ బాక్స్‌లో దాచడమంటే, పెట్టె తాళం చెవిని పెట్టెలోనే పెట్టి మూసినట్టు.

కోడ్ సరైనదే, అయినా తలుపు తెరుచుకోవడం లేదు. ఇక్కడ వేళ్ల వేగం చూడాలి. ఒక అంకెకూ మరో అంకెకూ మధ్య 5 సెకన్లు దాటితే మాడ్యూల్ అప్పటిదాకా విన్నది మరిచిపోతుంది. మరీ హడావిడిగా టకటకా నొక్కినా కొన్ని మోడళ్లు అందుకోలేవు. నిదానంగా, ఒక్కో మీట పూర్తిగా నొక్కి వదులుతూ వెళ్లాలి. మధ్యలో తప్పు పడిందని అనుమానం వస్తే కాసేపు ఆగి, దీపం ఆరాక మళ్లీ మొదటి అంకె నుంచి నొక్కాలి. కోడ్ సరిపోతే డ్రైవర్ తలుపు ఒక్కటే తెరుచుకుంటుంది. చాలామంది ఎడమవైపు వెనక తలుపు లాగి చూసి "ఇంకా పనిచేయడం లేదు" అంటుంటారు. మిగతా తలుపులు కావాలంటే కోడ్ అయిన 5 సెకన్లలోపు 3-4 నొక్కాలి. డిక్కీ కావాలంటే 5-6.

వరసగా 7 సార్లు తప్పు కోడ్ పడితే, అంటే 35 నొక్కుళ్లకు, కీప్యాడ్ దీపం మిణుకుమిణుకుమంటూ ఒక నిమిషం పాటు మూగబోతుంది. ఇది లోపం కాదు, దొంగల కోసం పెట్టిన అడ్డుకట్ట. ఆ నిమిషంలో మీటలు ముట్టకూడదు. చేతిలో రిమోట్ ఉంటే అన్‌లాక్ నొక్కినా, కారు ఇగ్నిషన్ ఆన్ చేసినా ఆ మూగనోము వీడుతుంది. ఆదరాబాదరాగా నొక్కుతూ పోయేవాళ్లకే ఎక్కువసేపు పడుతుంది, ఎందుకంటే ఒక నిమిషం ఏమీ చేయకుండా నిలబడితేనే అది తిరిగి వింటుంది.

ఈ అడ్డుకట్ట అవసరమెందుకొచ్చిందో చూస్తే, తెలుగు బడిలో ఛందస్సు చదువుకున్న ప్రతి ఒక్కరికీ తెలిసిన చోటికి చేరుకుంటాం. ఐదంకెల సంఖ్యలు లక్ష ఉన్నట్టు కనిపిస్తాయి. కానీ మీటలు ఐదే. 1 నొక్కినా 2 నొక్కినా కారుకు ఒకటే. కాబట్టి 13579 అన్నా 24680 అన్నా తేడా లేదు, రెండూ ఎడమ నుంచి కుడికి అవే ఐదు మీటలు. లెక్కవేస్తే కారు దృష్టిలో ఉన్న కోడ్‌లు 3,125 మాత్రమే. అంతకన్నా చిత్రం, వాటిని విడివిడిగా ఐదేసి చొప్పున నొక్కనక్కర్లేదు. మాడ్యూల్ చివరి ఐదు నొక్కుళ్లను చూస్తూ పోయే రకమైతే, ఒక కోడ్ తోక మరో కోడ్‌కు తలగా మారేలా వరస పేర్చవచ్చు. అలా పేరిస్తే 3,129 నొక్కుళ్లలో అన్ని కోడ్‌లూ వచ్చేస్తాయి. సెకనుకు ఒకటి చొప్పున యాభై రెండు నిమిషాల పని. ఇలాంటి గొలుసుల మీద 1946లో పత్రం రాసిన డచ్ గణితవేత్త డి బ్రాయిన్ పేరుతో ప్రపంచం వీటిని పిలుస్తోంది.

మన గణాల సూత్రం "యమాతారాజభానసలగం" అచ్చంగా ఇలాంటి గొలుసే. య నుంచి మూడక్షరాలు తీస్తే యమాతా, అది యగణం. మా నుంచి మూడు తీస్తే మాతారా, మగణం. ఒక్కో అక్షరం జరుగుతూ పోతే పదక్షరాల్లో ఎనిమిది గణాలూ వచ్చేస్తాయి, ఒక్కటీ రెండుసార్లు రాదు. గురువు, లఘువు అనే రెండు మీటలు, మూడేసి నొక్కుళ్లు. పద్యపాదాలకు గణవిభజన చేయడానికి తెలుగు మాస్టారు బోర్డు మీద రాయించిన ఆ పదానికీ, డెట్రాయిట్ కారు తలుపుకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందంటే ఒళ్లు పులకరిస్తుంది. వాడుకకు పనికొచ్చే సంగతి మాత్రం ఇది: ఫ్యాక్టరీ కోడ్‌తో పాటు సొంత కోడ్ కూడా పెట్టుకోవచ్చు, ఆ పద్ధతి ముందు వస్తుంది; అలా పెట్టుకునేటప్పుడు ఒకే అంకె ఐదుసార్లు, లేదా వరసగా వచ్చే అంకెలు వద్దు. ఫోర్డ్ మాన్యువల్ కూడా ఇవే వద్దంటుంది.

దీపమే వెలగకపోతే కథ వేరు. అప్పుడు కరెంటు ఎక్కడ ఆగిందో వెతకాలి.

మొదటి అనుమానం పెద్ద బ్యాటరీ మీద పడాలి. జూన్‌లో బడులు మూయగానే ఇండియా విమానం ఎక్కి, ఆగస్టులో తిరిగొచ్చే కుటుంబాలకు ఇది బాగా ఎదురవుతుంది. ఆరేడు వారాలు కదలకుండా నిలబడ్డ కారులో అలారం, మాడ్యూళ్లు కొంచెం కొంచెంగా బ్యాటరీని తాగుతూనే ఉంటాయి. మల్టీమీటర్ ఉంటే చూడవచ్చు. నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ కారు ఆపి ఉంచినప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, 12కి దిగిందంటే ఖాళీ అయినట్టే. కీప్యాడ్, రిమోట్, లోపలి దీపం మూడూ ఒక్కసారే చచ్చాయంటే మీటర్ లేకపోయినా బ్యాటరీ అని చెప్పేయవచ్చు. జేబులో పెట్టుకునే రిమోట్ లోపల ఇనుప తాళం ఒకటి దాగి ఉంటుంది. పక్కనున్న చిన్న నొక్కు తీస్తే బయటికొస్తుంది. దాన్ని పెట్టే కన్నం కొన్ని కార్లలో డ్రైవర్ తలుపు పిడి దగ్గర ప్లాస్టిక్ మూత చాటున ఉంటుంది. ఆ మూత ఎక్కడుందో, ఎలా ఊడుతుందో ఇంటి ముందు వెలుతురులో ఒకసారి చేసి చూసుకున్నవాళ్లకు అర్ధరాత్రి పార్కింగ్‌లో వేళ్లు తడబడవు. బ్యాటరీ మళ్లీ నిండాక ఫ్యాక్టరీ కోడ్ ఎప్పటిలా పనిచేస్తుంది, అది చెరిగిపోదు.

రిమోట్‌లోని బిళ్ల బ్యాటరీ అయిపోవడం ఇంకో విషయం. దానికీ కీప్యాడ్‌కూ సంబంధం లేదు. రిమోట్ చచ్చినా మీటలు తలుపు తెరుస్తాయి. అయితే అవి ఇంజన్‌ను స్టార్ట్ చేయలేవు. బటన్‌తో స్టార్టయ్యే కార్లలో చచ్చిన రిమోట్‌ను పెట్టడానికి ఒక ప్రత్యేకమైన గూడు ఉంటుంది. కొన్నింట్లో అది సీట్ల మధ్య పెట్టె లోపల, మరికొన్నింట్లో కప్పు పెట్టుకునే చోట ఉంటుంది. ఆ పేజీని మాన్యువల్‌లో చూసి పెట్టుకోవాలి. పుస్తకం పోయినా బెంగ లేదు, ఏ ఏడాది ఏ మోడలో చెబితే ఫోర్డ్ సైట్‌లో మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది.

బ్యాటరీ బాగుండి కీప్యాడ్ ఒక్కటే చీకటిగా ఉంటే, తరవాతి అనుమానం తీగ మీద. డ్రైవర్ తలుపు పూర్తిగా తెరిచి, తలుపుకూ కారు ఒంటికీ మధ్య చూస్తే మడతలు మడతలుగా నల్లటి రబ్బరు గొట్టం కనిపిస్తుంది. అద్దం, కిటికీ, తాళం, కీప్యాడ్ తీగలన్నీ అందులోంచే వెళతాయి. రోజుకు పదిసార్లు తలుపు తీసి వేస్తుంటే ఆ తీగలు పదిసార్లు వంగుతాయి. పది పదిహేనేళ్లకు లోపల ఒక్కో పోగూ విరుగుతుంది. పైన చూస్తే గొట్టం నిక్షేపంగా ఉంటుంది. పట్టుకునే గుర్తు ఒకటుంది: తలుపు సగం తెరిచినప్పుడు కీప్యాడ్ వెలిగి, పూర్తిగా తెరిచినప్పుడు ఆరిపోవడం. దాంతో పాటు డ్రైవర్ కిటికీ కూడా అప్పుడప్పుడూ మొండికేయడం. ఈ రెండూ కలిసి కనిపిస్తే కొత్త కీప్యాడ్ కొనడం డబ్బు దండగ. విరిగిన తీగను అతికించడం తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ కావాలి.

ఫ్యూజ్ చూడటం తేలికే. మాన్యువల్‌లో పటం ఉంటుంది, ఏ నంబరు తాళాలకో రాసి ఉంటుంది. కాలిన ఫ్యూజ్ స్థానంలో అదే ఆంపియర్ల ఫ్యూజే పెట్టాలి. "మళ్లీ కాలకుండా" అని పెద్దది పెడితే ఈసారి కాలేది తీగ.

కీప్యాడ్ నిజంగానే చెడిపోయే సందర్భాలూ ఉన్నాయి. పాత తరం మీటల మీద రబ్బరు తొడుగు ఉంటుంది. ఎండకు ఆరి, బీటలిచ్చి, ఆ బీటల్లోంచి వాన నీళ్లు లోపలికి దిగుతాయి. వాన పడిన రోజు పనిచేయదు, రెండెండలు కాస్తే పనిచేస్తుంది. ఈ తీరు కనిపించిందంటే రబ్బరు వయసైపోయింది. గోరుతో, తాళం మొనతో, పెన్నుతో నొక్కే అలవాటు ఉన్న ఇళ్లలో ఇది ఇంకా ముందే వస్తుంది. రోజూ నొక్కే మీటల మీద అంకెలు అరిగి, మిగతావి కొత్తగా మెరుస్తుంటే, కోడ్‌లో ఏ మీటలున్నాయో దారినపోయేవాడికీ తెలిసిపోతుంది. అప్పుడప్పుడూ సొంత కోడ్ మార్చడం కీప్యాడ్ రబ్బరుకూ మంచిదే, కారుకూ మంచిదే.

ఇటీవలి ఎక్స్‌ప్లోరర్ లాంటి కార్లలో మీటలు పైకి కనిపించవు. డ్రైవర్ కిటికీ పక్కన నున్నటి నల్లటి పట్టీ ఉంటుంది, వేలు తగిలితే అంకెలు వెలుగుతాయి. ఇవి నొక్కుడును కాదు, వేలి స్పర్శను పసిగడతాయి. ఉన్ని చేతితొడుగులతో ముట్టుకుంటే పలకవు. నీటి చుక్కలు, మంచు పొర కూడా వాటిని మభ్యపెడతాయి. మిషిగన్, మిన్నెసోటా చలిలో ఉండేవాళ్లు తొడుగు తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, అరచేతి వెచ్చదనం తగిలేలా కాసేపు ఆనించి అప్పుడు ముట్టుకోవాలి. మరిగిన నీళ్లు పోయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, పక్కనే ఉన్న అద్దం పగులుతుంది.

ఇక్కడ కీప్యాడ్‌ను పక్కనపెట్టి మాట్లాడాల్సిన ఒక్క సందర్భం ఉంది. లోపల పసిబిడ్డ ఉండి తలుపులు మూసుకుపోతే, కోడ్ గుర్తు తెచ్చుకుంటూ నిలబడకూడదు. మూసిన కారులో ఎండకు మొదటి పది నిమిషాల్లోనే ఉష్ణోగ్రత సుమారు 10 సెంటీగ్రేడ్ డిగ్రీలు పెరుగుతుంది. అమెరికాలో సగటున ఏటా 37 మంది పిల్లలు వేడెక్కిన కార్లలో చనిపోతున్నారు. కోడ్ ఒక్కసారికి పనిచేయలేదంటే వెంటనే 911కు ఫోన్ చేయాలి, బిడ్డ వాడిపోయినట్టు కనిపిస్తే బిడ్డకు దూరంగా ఉన్న కిటికీ అద్దం పగలగొట్టాలి. ఆ అద్దం వెల చూసుకునే వేళ కాదది.

సొంత కోడ్ పెట్టుకోవడం కష్టమేమీ కాదు. ఫ్యాక్టరీ కోడ్ నొక్కి, 5 సెకన్లలోపు 1-2 నొక్కి, ఆ వెంటనే కొత్త ఐదంకెలు నొక్కాలి. చాలా మోడళ్లలో చివర్లో ఇంకో మీట నొక్కితే అది ఎవరి కోడో నమోదవుతుంది. మొదటి మనిషికి 1-2, రెండో మనిషికి 3-4, అలా. తాళాలు పడి, మళ్లీ వాటంతటవే విడితే కోడ్ కుదిరినట్టు. సీటు జ్ఞాపకం ఉన్న కార్లలో ఈ వరసకు ఇంకో ఫలితం ఉంది. మొదటి మనిషి కోడ్ నొక్కితే సీటు, అద్దాలు ఆ మనిషికి తగ్గట్టు జరుగుతాయి. భర్త ఆరడుగులు, భార్య ఐదడుగులు ఉన్న ఇంట్లో ఆమె తన కోడ్ బదులు ఆయన కోడ్ నొక్కితే, కూర్చునేసరికి పెడల్ అందదు. సీటు మోటారు చెడిందని సర్వీసుకు తీసుకెళ్లే ముందు, తలుపు ఎవరి కోడ్‌తో తీశారో అడగాలి.

తాళాన్ని కావాలనే లోపల వదిలి పోవాలనుకునేవాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. జేబు తాళాల కార్లు లోపల తాళం ఉందని గుర్తుపట్టి, తలుపులు మూయగానే హారన్ కొట్టి మళ్లీ తెరుచుకుంటాయి. దీన్ని కూడా లోపమనుకుంటారు. తలుపులన్నీ మూశాక బయటి నుంచి 7-8, 9-0 కలిపి నొక్కితే, మనిషి తెలిసే చేస్తున్నాడని కారు ఒప్పుకుంటుంది. అలా వదిలి వెళ్లే ముందు కోడ్‌ను ఒకసారి నొక్కి, తలుపు నిజంగా తెరుచుకుంటోందో లేదో చూసుకోవడం మాత్రం మరవకూడదు.

కారుతో రాకుండా, తరవాత కొని తలుపుకు అతికించే కీప్యాడ్‌లూ ఉన్నాయి. వీటికి తీగ ఉండదు, సొంత బిళ్ల బ్యాటరీ ఉంటుంది. కారు లెక్కలో అది ఇంకో రిమోట్. కొత్త రిమోట్ కొని ప్రోగ్రామ్ చేయించిన మర్నాటి నుంచి ఈ కీప్యాడ్ పలకడం మానేసిందంటే కారణం దాదాపుగా ఒకటే. చాలా మోడళ్లలో రిమోట్‌లు కొత్తగా నేర్పేటప్పుడు పాతవన్నీ మాడ్యూల్ మరిచిపోతుంది. ఉన్నవన్నీ ఒకే దఫాలో మళ్లీ నేర్పాలి, కీప్యాడ్‌తో సహా.

ఇంత చూశాక కూడా తేలకపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రాసుకుపోవాలి: దీపం వెలుగుతోందా, 7-8, 9-0 కలిపి నొక్కితే తాళం పడుతోందా, లోపలి బటన్ పనిచేస్తోందా, రిమోట్ పనిచేస్తోందా, తలుపు కదిలిస్తే తేడా వస్తోందా, వానకూ దీనికీ సంబంధం ఉందా. "కీప్యాడ్ పోయింది, మార్చండి" అంటే మెకానిక్ కీప్యాడే మారుస్తాడు, అందులో ఆయన తప్పేమీ లేదు. ఈ ఆరు జవాబులు ముందు పెడితే వెతుకులాట సరైన చోట మొదలవుతుంది. పాత కార్లలో మాడ్యూల్ మార్చాల్సి వస్తే ఫ్యాక్టరీ కోడ్ కూడా మారిపోవచ్చు. బిల్లు కట్టి బయటికి వచ్చే ముందే కొత్త కోడ్ అడిగి తీసుకోవాలి.

ఇక మొదట చెప్పిన ఎక్స్‌ప్లోరర్. డీలర్ దగ్గర కోడ్ తీసుకున్న రోజు సాయంత్రమే ఆ ఇంటివాళ్లు చేయాల్సిన పని ఒకటుంది. పాత యజమాని, ఆయన భార్య, పిల్లలు పెట్టుకున్న సొంత కోడ్‌లన్నీ ఆ కారులో ఇంకా బతికే ఉంటాయి. ఫ్యాక్టరీ కోడ్ నొక్కి, 5 సెకన్లలోపు 1-2 నొక్కి వదిలి, మళ్లీ 1-2నే 2 సెకన్ల పాటు నొక్కి పట్టుకుంటే అవన్నీ ఒకేసారి చెరిగిపోతాయి. ఫ్యాక్టరీ కోడ్ మాత్రం ఆయనకు గుర్తుంటే గుర్తున్నట్టే, దాన్ని ఎవరూ తీసేయలేరు. కాబట్టి పాస్‌పోర్టులు, లాప్‌టాప్‌లు కారులో వదిలే అలవాటు మానుకోవాలి. చెరిపాక ఇంట్లోవాళ్ల కొత్త కోడ్ పెట్టుకుని, తలుపు మూసి, పిల్లవాణ్ని పిలిచి నొక్కమనాలి. దీపం ఎలాగూ వెలుగుతుంది. ఈసారి తలుపు కూడా కదులుతుంది.